తెల్లకోనలో నాలుగు బస్తాల నిమ్మ ఉప్పు

పొద్దు నడినెత్తి మీంచి రెండు గడియలు దిగింది. అస్తమయానికి ఇక పదమూడు గడియలే ఉన్నాయి. ఆలోగా తిప్పన తన అక్కను విడిపించుకోకపోతే రాతిపూత ఆమె ముక్కు మీదికి పాకి ఊపిరి మూసేస్తుంది. ఇంత తొందర ఉన్నా కంచరగాడిదలు మాత్రం తోకలూపుకుంటూ తమ తీరునే నడుస్తున్నాయి. కంచరగాడిదకు తొందర నేర్పగల మాంత్రికుడు సప్తద్వీపాల్లోనూ ఇంతవరకు పుట్టలేదు.

జంబీరపురానికి ఆ పేరు ఊరికే రాలేదు. కోటగోడ మొదలు సరిహద్దు వాగు దాకా ఆ రాజ్యమంతా నిమ్మతోటలే. పూతకాలంలో గాలి పీలిస్తే నోట్లో నీళ్ళూరుతాయి. ఆ కాయల రసాన్ని పెద్ద పెద్ద మట్టిబానల్లో కాచి, సుద్దపొడి కలిపి, అడుగున పేరిన తెల్లబురదను గంధక ద్రావకంతో విరిచి, తేటను ఎండబెట్టి పలుకులు కట్టించే విద్య ఉప్పుబట్టీ వాళ్ళది. ఆ పలుకుల పేరే నిమ్మ ఉప్పు. అద్దకంవాళ్ళు కుసుమపువ్వు నుంచి ఎరుపు దింపాలన్నా, కంచరులు చిలుము పట్టిన గంటను పసిడిలా మెరిపించాలన్నా, తోళ్ళవాళ్ళు చర్మంలో ఇంకిన సున్నాన్ని వదిలించాలన్నా, ఆయుధశాలలో తుప్పు కత్తికి తళుకు రావాలన్నా ఆ పలుకులే గతి. వైద్యులు జ్వరమొచ్చినవాడి పానకంలో వేస్తారు. రాణివాసపు వంటమనుషులు కోసిన పళ్ళు నల్లబడకుండా చల్లుతారు. ఇక సున్నపురాయికైతే అది సాక్షాత్తు యముడు. ఆ ఉప్పునీళ్ళు పడ్డాయంటే రాయి బుసబుసమని పొంగి, నురగై కారిపోవలసిందే.

అందుకే తెల్లకోన మాంత్రికుడు శిలాకేతుడికి నిమ్మ ఉప్పు కంట్లో నలుసు. మనుషుల మీద సున్నపుచుక్కలు రాల్చి, బతికుండగానే రాతిపూత పూయించడం వాడి విద్య. అలా ఇప్పటికే మూడు ఊళ్ళను కప్పేశాడు. ఉప్పు చేసే గుట్టు మొదటినుంచి చివరిదాకా తెలిసినది ఒక్క కామసానికే. ఆమె ఉప్పుబట్టీకి పెద్ద, తిప్పనకు అక్క, తల్లి పోయిన నాటినుంచీ తల్లి కూడా ఆమే. మూడు రోజుల కిందట పట్టపగలు, బానల మధ్య నుంచి ఆమెను ఎత్తుకుపోయాడు. కట్టేదీ తానే విప్పేదీ తానే అయితే రాజులందరూ తన గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడతారని వాడి ఎత్తు. గుట్టు చెప్పమన్నాడు. ఆమె చెప్పలేదు. రోజుకింత చొప్పున పూత ఎక్కిస్తున్నాననీ, ఈ సాయంత్రంతో ఆమె పని పూర్తనీ వాడు పంపిన రాతిచిలుక కోటగోడ మీద వాలి మరీ చెప్పిపోయింది.

కనుక తిప్పన ఇప్పుడు ఎర్ర తలపాగా చుట్టి, చెవులకు పోగులు తగిలించి పటికబెల్లం వర్తకుడయ్యాడు. రాకుమారుడు మణికేతుడు అతని గుమాస్తా అయ్యాడు. రెండు కంచరగాడిదల మీద నాలుగు బస్తాలు. పైన బెత్తెడు మందాన నిజమైన పటికబెల్లం, కిందంతా నిమ్మ ఉప్పు. రెండూ చూడ్డానికి కవలపిల్లలే. నాలిక మీద పెడితే తప్ప తేడా తెలియదు.

"తిప్పనా, కత్తి దూసి ఒక్కసారి లోపల పడితే తేలిపోయేదానికి ఈ బెల్లపు వేషం ఎందుకయ్యా?" అన్నాడు మణికేతుడు ఏడోసారి.

"రాకుమారా, తమ కత్తి రాతి మీద పడితే కత్తికే నొప్పి. దయచేసి ఆ మీసం దువ్వడం మానండి. గుమాస్తాలు మీసం దువ్వరు."

మలుపు తిరగగానే తెల్లకోన కళ్ళు జిగేల్‌మనిపించింది. పాలకడలిని ఎవరో మంత్రించి, అలలు అలలుగా లేస్తుండగానే నిలబెట్టేసినట్టుంది ఆ లోయ. పైనుంచి వేల వేల ధారలు సన్నగా జాలువారుతున్నాయి. ఆ నీరు తాకినదల్లా రాయైపోయింది. రాతికొమ్మల మీద రాతిగూళ్ళు, గూళ్ళలో నోళ్ళు తెరిచిన రాతి పక్షిపిల్లలు, నీళ్ళు తాగబోయి తల వంచిన రాతిజింకలు. దారికి ఇరువైపులా బారులు తీరి రాతిమనుషులు. ఒకావిడ చంకలో బిందె కూడా అలాగే ఉంది. అంత అందమైన చోటు తిప్పన ఎన్నడూ చూడలేదు, అంతగా ఒళ్ళు జలదరించిన చోటూ లేదు. కంచరగాడిదను కాలితో పొడిచి ముందుకు నడిపించాడు.

"ఆగండి!" గుహద్వారం దగ్గర ఈటెలు అడ్డం పడ్డాయి. గుబురుమీసాల కావలినాయకుడు ముందుకొచ్చాడు. వెనక పదిమంది భటులు. "ఏమిటా బస్తాల్లో?"

"పటికబెల్లం దొరా. తమ ప్రభువులకు కానుక."

"ఏదీ, రుచి చూపించు."

తిప్పన పైపలుకు తీయబోయేంతలో మణికేతుడు అత్యుత్సాహంతో బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి గుప్పెడు తీసి నాయకుడి చేతిలో పోశాడు. చెయ్యి మళ్ళీ బస్తాలోకి పోయేది కాదు, మాట మళ్ళీ నోట్లోకి పోయేది కాదు. నాయకుడు గుప్పెడూ నోట్లో వేసుకున్నాడు. వాడి కళ్ళు మూసుకుపోయాయి, చెవులు కదిలాయి, మీసాలు రెండూ ముక్కులోకి పోవాలని చూశాయి.

"తియ్యగా ఉందా దొరా?" తిప్పన గబగబా అందుకున్నాడు. "చూసి చెప్పండి. ఇది మామూలు బెల్లం కాదు, సత్యఖండం. ప్రభువుకు ద్రోహం తలపెట్టినవాడి నోటికి పుల్లగా తగులుతుంది. నమ్మినబంటుకైతే తేనె. కొలువులో దొంగలెవరో ఏరడానికే మీ ప్రభువులు పనిగట్టుకుని తెప్పించుకుంటున్నారు."

కావలినాయకుడు ఓరకంట వెనక్కి చూశాడు. వెనక పదిమంది చూస్తున్నారు.

"ఆహా!" అన్నాడు, కంటివెంట నీళ్ళు ధార కడుతుండగా. "తేనె! అచ్చం తేనె!"

"కన్నీళ్ళేమిటి నాయకా?" అన్నాడొక భటుడు.

"ఆనందబాష్పాలురా మూర్ఖుడా! నువ్వూ తిను. అందరూ తినండి. ఎవడు ఎలాంటివాడో ఇప్పుడే తేలిపోతుంది!"

పదిమందీ తిన్నారు. పదిమందీ తేనె అన్నారు. ఒకడైతే తన విశ్వాసం ఇంకా బాగా కనబడాలని రెండోసారి అడిగి పుచ్చుకున్నాడు. ఆ తరువాత మాట పెగిలే నోరు ఒక్కటీ లేక, సైగలతోనే దారి ఇచ్చి, బస్తాలు తమ వీపుల మీదే మోసి లోపల సభామంటపంలో దించి వెళ్ళారు.

మంటపం నడుమ నేలలో బావిలాంటి గుండ్రటి గొయ్యి ఉంది. దాని అంచున ఎత్తైన పీఠం, పీఠం మీద శిలాకేతుడు. బూడిదరంగు గడ్డం మోకాళ్ళ దాకా వేలాడుతోంది. చేతిలో తెల్లరాతి దండం. తిప్పన నమస్కారం చేసే నెపంతో వంగి గోతిలోకి చూశాడు. రెండు నిలువుల లోతున, గోడగూటిలో వెలుగుతున్న ప్రమిద పక్కన, తెల్లటి స్తంభం ఒకటి నిలబడి ఉంది. స్తంభానికి పైన అక్క ముఖం. పూత అప్పుడే గడ్డం దాటి కింది పెదవిని తాకుతోంది. అతను బలవంతాన చూపు తిప్పుకుని, వంగిన నడుం ఎత్తాడు.

"ఎండన పడి వచ్చావు వర్తకుడా," అన్నాడు శిలాకేతుడు చల్లగా. "ముందు దాహం తీర్చుకో."

ఒక దాసి రాగి గిన్నెల్లో చింతపండు పానకం తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. మణికేతుడు గిన్నె ఎత్తబోయాడు. తిప్పన మోచేత్తో అతని చెయ్యి పక్కకు తోసి, తన గిన్నె అందుకుని, బొటనవేలి గోరుతో లోపల అంచు మీద ఒక్కసారి గీరాడు.

అంతే. గీరాక తెలిసింది ఏం చేశాడో.

ఉప్పుబట్టీలో పుట్టినవాళ్ళు పులుపు పోసిన ఏ గిన్నెనూ కళాయి చూడకుండా ముట్టరు. కళాయి లేని రాగిలో పులుపు నిలిస్తే కిలుం దిగి విషమవుతుంది. బట్టీ పిల్లలు మాటలు నేర్వకముందే గోరు పెట్టి గీరడం నేరుస్తారు. ఆ అలవాటు ఆలోచనతో పనిలేకుండా వేలికి అంటుకుపోయి ఉంటుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని పెద్దలు ఊరికే అన్నారా?

శిలాకేతుడు పకపకా నవ్వాడు. "బెల్లం అమ్మేవాడు గిన్నెలో గోరు పెట్టడురా! మొదటినాడు, ఇంకా చేతులు ఆడుతుండగా, కింద ఉన్న ఆ మొండిది కూడా నేనిచ్చిన గిన్నెను ఇలాగే గీరింది. దానికోసం వచ్చేవాడు తప్పకుండా గీరతాడని అప్పుడే అనుకున్నాను. ఒరే ఉప్పుబట్టీ కుర్రవాడా, రాయివై నిలు!"

దండం లేచింది. తెల్లటి పొగమంచు బుస్సుమని దూకింది. అప్పటికే అంగీ కింద దాచిన కత్తి దూసి అడ్డం వచ్చిన మణికేతుడి కాళ్ళు మోకాళ్ళ దాకా రాతిలో బిగుసుకుపోయాయి. తిప్పన వంగి, బస్తా పైపొర చిమ్మి పారేసి, గుప్పెళ్ళతో ఉప్పు తీసి రాకుమారుడి కాళ్ళ మీద చల్లి, రెండు గిన్నెల పానకమూ దాని మీద కుమ్మరించాడు. రాయి పొంగింది. నురగ నేలంతా పాకింది. మణికేతుడు గట్టిగా ఒక తన్ను తన్నేసరికి మిగిలిన పెచ్చు రెండు ముక్కలైంది.

దండం రెండోసారి లేచింది. ఈసారి తిప్పన ఇంకో గుప్పెడు దాని మీదికే విసిరాడు. పొగమంచు తడికి తడిసి ఉన్న దండం కొన నుంచి జుయ్యిమని నురగ కక్కుతూ అరిగిపోసాగింది. శిలాకేతుడు బిడ్డను పోగొట్టుకున్నవాడిలా కేకపెట్టి, దండాన్ని అంగీతో తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తాడు.

"బస్తాలు గోతిలోకి!" అని తిప్పన అరిచాడు. నాలుగు బస్తాలూ ధబధబ పడ్డాయి. వాటి మీద ఇద్దరూ దూకారు.

"ఎవర్రా అది, మీద పడేది?" అంది స్తంభం.

"నేనే అక్కా!"

"నువ్వా? పైన గిన్నె గీరావా?"

"గీరాను. అందుకే దొరికిపోయాం."

"గీరకుండా తాగి ఉంటే నేనే చంపుదును." కామసాని కళ్ళలోంచి నీళ్ళు జారి రాతి మీద పడుతున్నాయి. గొంతు మాత్రం బట్టీలో పనివాళ్ళను అదిలించే గొంతే. చింత చచ్చినా పులుపు చావదు. "నిలబడి ఏడుస్తావేంట్రా, పోయ్! ముక్కు దగ్గర మాత్రం జాగ్రత్త!"

మంటపం కప్పు నుంచి సున్నపునీళ్ళ ధార ఒకటి గోతిలోకి పడుతూనే ఉంది. తిప్పన తలపాగా విప్పి, తడిపి, దాంట్లో ఉప్పు పోసి ఆమె గడ్డం చుట్టూ చుట్టాడు. గడ్డం బయటపడింది. మెడ బయటపడింది. రెండు బస్తాలు ఖర్చయ్యేసరికి చేతులు కూడా విడివడ్డాయి. గీరుకుపోయిన చోటల్లా ఉప్పు మంట పెడుతోంది. ఆమె తమ్ముడిని తిడుతూనే అతని తల నిమిరింది. పొగమంచు తగిలి అతని జుట్టులో తెల్లపెచ్చులు కట్టాయి, వాటిని ఒక్కొక్కటీ గిల్లి పారేసింది.

నడుం దగ్గర పోయబోతుంటే గూటిలోని ప్రమిద సన్నగిల్లి, ఊదినట్టు ఆరిపోయింది. గాలి లేదు, ఎవరూ ఊదలేదు.

"ఆపు!" అంది కామసాని. "గుడ్డిగాలి!"

తిప్పన చెయ్యి గాలిలో నిలిచిపోయింది. బట్టీలో సుద్ద, రసం కలిసినప్పుడు లేచే గాలి అది. రంగు లేదు, వాసన లేదు, నీళ్ళలా పల్లానికి దిగి నిలుస్తుంది. అందుకే బానల పక్కన ఎప్పుడూ నేలమీద దీపం పెడతారు. దీపం ఆరితే చేతిలో పని వదిలేసి అందరూ మెట్లెక్కి పైకి పరుగెత్తాలి. ఇక్కడ మెట్లూ లేవు, పరుగూ లేదు. గుడ్డిగాలి అప్పటికే గూటి ఎత్తుకు, అంటే కామసాని రొమ్ము దాకా వచ్చేసింది.

"ఉప్పు పోస్తే ఊపిరాడక చస్తాం, పోయకపోతే మళ్ళీ పూత ఎక్కి చస్తాం. ఇదేం చిక్కు తల్లీ!" అన్నాడు మణికేతుడు. ఇన్నాళ్ళ రాకుమారత్వంలో అతను భయపడ్డట్టు ఒప్పుకోవడం ఇదే మొదలు.

"ఆ మూల నేలలో తూము ఉంది," అంది కామసాని గబగబా. "నేను వచ్చిన మరునాడు వాడు దాన్ని రాతితో పూడ్చాడు. పూడ్చకముందు దాంట్లోంచి వాగు చప్పుడు వినబడేది. ముందు దాన్ని కరిగించండి. గుడ్డిగాలి దానంతటదే పల్లానికి పోతుంది."

"ముందు నిన్ను..."

"బట్టీకి పెద్దెవర్రా, నువ్వా నేనా? తూము!"

తిప్పన నిండా ఊపిరి బిగబట్టి, చెరువులో మునిగినట్టు గుడ్డిగాలిలోకి మునిగాడు. మూడో బస్తా తూము మీద చింపి, ధార నీళ్ళు దోసిళ్ళతో తోశాడు. కళ్ళు మండాయి. పైకి లేచి ఊపిరి తీసుకుని మళ్ళీ మునిగాడు. నురగ మోకాళ్ళ ఎత్తు లేచింది. గుడ్డిగాలి కామసాని మెడ దాటింది. ఆమె తల వెనక్కి వాల్చి, ముక్కు పైకెత్తి నిలబడింది. మూడోసారి మునిగినప్పుడు చేతికింద రాయి గుల్లబారి, గుటుక్కున కిందికి జారింది. గోతిలోని నురగంతా సుడి తిరిగి తూములోకి పోసాగింది.

నాలుగో బస్తా చివరి పలుకుతో ఆమె పాదాలు విడివడ్డాయి. నిలబెట్టిన రాయి పోగానే ఆమె కుప్పకూలింది. తిప్పన పట్టుకుని పైకెత్తాడు. రెండు క్షణాలు ఆమెకు ఊపిరి లేదు. అతను పిచ్చివాడిలా ఆమె వీపు చరిచాడు. మూడోక్షణంలో దగ్గు వచ్చింది, దగ్గు వెనక ఒక తిట్టు వచ్చింది. అతను బావురుమన్నాడు.

పైన వెలుగు తగ్గింది. తలలెత్తి చూస్తే గోతి అంచున శిలాకేతుడు, చేతిలో సగానికి అరిగిన దండం. గోతి మూతి మీద తెల్లటి పొర నలువైపులనుంచీ పాకి వస్తోంది.

"విప్పడం చేతనైందిగా, ఇప్పుడు విప్పుకోండి!" అన్నాడు వాడు. పొర కలుసుకుంది. చీకటి పడింది. సందుల్లోంచి ధార మాత్రం రెట్టింపై ముగ్గురి భుజాల మీదా పడుతోంది. తడిసిన చోటల్లా చర్మం బిగుస్తోంది.

"ఉప్పు?" అంది కామసాని.

"ఒక్క పలుకు లేదు."

"అయితే తూమే దారి."

"అక్కా, ఇంతసేపూ మనం గుడ్డిగాలిని దాంట్లోకే తోశాం! అది నిండా అదే ఉంటుంది. మధ్యలో ఒక్క ఊపిరి పీల్చినా పడిపోతాం. నేనూ రాకుమారుడూ బిగబట్టగలం. నువ్వు ఇప్పుడేగా ఊపిరి పోసుకున్నావు. నీకు చాలదు."

"చాలకపోతే ఇక్కడ రాయి అవుతానా ఏం? పదండి. రాకుమారుడు ముందు. భుజాలు పెద్దవి, ఆయన దూరగలిగితే మనమూ దూరగలం. తరువాత నువ్వు. నేను చివర."

"నువ్వు మధ్యలో ఉండు."

"గుడ్డిగాలి లేచినప్పుడు పెద్దది చివర పోవాలి. అది మన బట్టీ కట్టుబాటు. నీ కోసం మార్చను." ఆమె చీకట్లో తడుముకుని తమ్ముడి కాలి మడమ పట్టుకుంది. "మనసులో లెక్కపెట్టుకో. వందలోపు వాగు రావాలి."

ముగ్గురూ గుండె నిండా గాలి పీల్చారు.

తూము సన్నగా, జారుడుగా, నిలువెల్లా చీకటిగా ఉంది. ముందు మణికేతుడి కాళ్ళు, చుట్టూ అరిగిన రాయి, వెనక మడమ చుట్టూ అక్క వేళ్ళు. తిప్పన మోచేతుల మీద పాకుతూ లెక్కపెట్టాడు. ఇరవై. వేళ్ళు గట్టిగా ఉన్నాయి. నలభై దగ్గర తూము మలుపు తిరిగింది. భుజం చర్మం లేచిపోయింది. యాభై. నెత్తురు చెవుల్లో డప్పు కొడుతోంది. వేళ్ళు గట్టిగానే ఉన్నాయి. అరవై దగ్గర ముందెక్కడో వెలుగు కనబడింది, చిన్న నాణెమంత. మణికేతుడి కాళ్ళు ఆ వెలుగులోకి జారిపోయాయి. నీళ్ళలో దబ్బుమని చప్పుడైంది. "తిప్పనా! వాగు! వచ్చేయ్!" అని కేక వినిపించింది.

అరవై ఒకటి.

మడమ మీద వేళ్ళు వదులయ్యాయి. అరవై రెండుకు అసలు లేవు.

వెలుగు రెండు బారల దూరంలో ఉంది. తిప్పన దాన్ని ఒకసారి చూశాడు. వెనక్కి తిరగడానికి తూములో చోటు లేదు. మోచేతులు రాతికి అదిమి, కాళ్ళు ముందుగా చీకటిలోకి వెనక్కి పాకడం మొదలుపెట్టాడు.